గంతకు తగిన బొంత: కారునకు టార్కు కన్వర్టరు ఎంపిక

“గంతకు తగిన బొంత” అని మన పెద్దలు పెండ్లి సంబంధములను గురించి పరిహాసముగా అనుచుందురు. ఆ పరిహాసములో యంత్రశాస్త్రమునకు చెందిన ఒక గట్టి సూత్రము కూడ ఉన్నది. రెండు వస్తువులు విడివిడిగా ఎంత మేలైనవైనను, ఒకదానికి మరొకటి తగనిచో ఆ జత నిలువదు. ఇంజను మంచిది కావచ్చును. గేరుబాక్సు మంచిది కావచ్చును. ఆ రెంటి నడుమ కూర్చుండు టార్కు కన్వర్టరు వానికి తగినది కానిచో డబ్బును పోవును, బండియు పాడగును.

రామాపురమను పేరు గల ఊళ్ళు మన దేశమున ఎన్నియో కలవు. తెనాలి, బాపట్ల, రేపల్లెల చుట్టుపట్ల అట్టి ఏ ఊరికి పోయినను, ఒకప్పుడు ఎడ్లను కట్టిన కొట్టములో నేడు కారు నిలిచి ఉండుట చూడవచ్చును. ఆ యింటి కొడుకు హైదరాబాదులోనో, అమెరికాలోని టెక్సాసులోనో ఉద్యోగము చేయుచుండును. అమెరికాలో ఉన్నవాడు ఎనిమిది సిలిండర్ల పాత బండి నొకదానిని ముచ్చటపడి కొనును. తరువాత దానిని ఇంకను చురుకుగా పరుగెత్తించవలెనను కోరిక పుట్టును. కామ్‌షాఫ్టు మార్చును, పొగగొట్టము మార్చును. అప్పుడు మిత్రులు, “పెద్ద స్టాల్ గల కన్వర్టరు వేయుము, బండి లేడివలె దూకును” అని సలహా చెప్పుదురు. కంపెనీవారు బిగించి పంపినదానిని తీసి, బయట అమ్మకమునకు దొరకు ఈ వస్తువును వేయించుటకు కొన్ని వందల డాలర్ల నుండి వేయి డాలర్లకు పైబడి వ్యయమగును. ఇక్కడ ఉన్న తమ్ముడు ఆ ముచ్చట విని, తన ఆటోమేటిక్ కారునకును అట్టిది తెప్పించుకొనవలెనని ఉబలాటపడును. ఈ వ్యాసము ఆ అన్నదమ్ములిద్దరి కొరకు.

ముందు ఈ వస్తువెట్టిదో తెలియవలెను. రెండు బల్లపంకాలను ఎదురెదురుగా పెట్టి, ఒకదానికి మాత్రమే కరెంటు ఇచ్చినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగ నారంభించును. రెంటి నడుమ ఇరుసు లేదు, పట్టీ లేదు, పండ్లచక్రము లేదు. గాలియే బలమును మోసుకొని పోవుచున్నది. గాలికి బదులు నూనెను పోసి, రెండు పంకాలను ఒకే గుల్లలో మూసిపెట్టినచో అది ద్రవసంధానము. ఇంజనుతో తిరుగునది పంపు చక్రము. గేరుబాక్సు ఇరుసును తిప్పునది టర్బైను చక్రము. ఇంతవరకు బలము ఒక చేతి నుండి మరొక చేతికి మారినదే కాని పెరుగలేదు. టర్బైను నుండి మరలివచ్చు నూనె పంపు తిరుగు దిశకు అడ్డముగా వచ్చి తగులును. రెంటి నడుమ స్టేటరు అను మూడవ చక్రమును నిలిపి, దాని రెక్కలతో ఆ నూనెను పంపునకు అనుకూలమైన దిక్కునకు మళ్ళించినచో, బండి కదలుటకు ముందున్న క్షణములలో ఇంజను ఇచ్చిన టార్కు, అనగా తిప్పుబలము, సుమారు రెండింతలై గేరుబాక్సునకు చేరును. కాలువ నీటిని గట్టు వేసి మళ్ళించుట ఎరిగిన డెల్టావాసికి ఇది విడ్డూరముగా తోచదు.

ఈ ఉపాయమును కనిపెట్టినవాడు జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్. ఆయన దీనికి 1905లో పేటెంటు పొందెను. అప్పుడాయన స్టెటిన్ నగరమందలి వుల్కాన్ నౌకానిర్మాణశాలలో ఉండెను. ఆయన ఎదుర్కొన్న చిక్కు కారును గురించినది కాదు. ఆవిరి టర్బైను అతివేగముగా తిరిగిన గాని మేలుగా పనిచేయదు. ఓడ పంకా నెమ్మదిగా తిరిగిన గాని నీటిని చక్కగా పట్టదు. ఈ పొత్తు కుదరని రెంటిని కలుపుటకే ద్రవమును మధ్యవర్తిగా నిలిపెను. 1930లో ఇంగ్లండులోని డెయిమ్లర్ కంపెనీ కార్లలో స్టేటరు లేని ద్రవసంధానము వచ్చెను. 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో ద్రవసంధానముతో కూడిన ఆటోమేటిక్ గేరుబాక్సు వచ్చెను. 1948లో బ్యూయిక్ కార్లకు టార్కు కన్వర్టరే అమరెను. మన దేశమున ఎం. ఎం. సూరి అను ఇంజనీరు డీజిలు రైలింజనుల కొరకు రూపొందించిన ద్రవప్రసార పద్ధతి “సూరి ట్రాన్స్‌మిషన్” అను పేర ప్రసిద్ధికెక్కెను. ఆయనకు 1962లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమానము లభించెను. ఓడలోనైనను, రైలులోనైనను, కారులోనైనను ఈ వస్తువు చేయు పని ఒక్కటే. అది పొత్తు కుదరని రెంటికి పొత్తు కుదుర్చును.

ఇక ఎంపిక. ఇక్కడి తమ్ముడు వేసికొనవలసిన మొదటి ప్రశ్న, తన బండిలో అసలు కన్వర్టరున్నదా అనునది. క్లచ్చి పెడలు లేని ప్రతి బండియు ఒక్కటే జాతి కాదు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశమున వాడుకలోనికి వచ్చిన ఏఎమ్‌టీ పద్ధతిలో ఉండునది మామూలు గేరుబాక్సే. క్లచ్చిని తొక్కు పనిని, గేరు మార్చు పనిని యంత్రము చేయును. అందు కన్వర్టరు లేదు. రెండు క్లచ్చిల గేరుబాక్సులలో సాధారణముగా ఉండదు. సీవీటీ అను పట్టీ గేరుబాక్సులలో కొన్నింటికి ఉండును, కొన్నింటికి ఉండదు. ఉన్నవానిలోను, ఏ గేరుబాక్సునకు ఏ కన్వర్టరు బయట దొరకునో చూడవలెను. మన వీధులలో తిరుగు చిన్న కార్లలో చాల భాగమునకు ఈ ప్రశ్న ఇక్కడనే ముగియును.

కన్వర్టరున్న పెద్ద ఇంజను బండికి వత్తము. అమ్మువారు మొదట చెప్పు అంకె స్టాల్ వేగము. టర్బైనును కదలనీయక పట్టి ఉంచి, యాక్సిలరేటరును పూర్తిగా తొక్కినచో, ఇంజను ఒక వేగము వరకు లేచి అంతకు మించి లేవలేక ఆగును. అదియే స్టాల్ వేగము. కంపెనీవారు బిగించు వానిలో ఇది చాల కాలము నుండి నిమిషమునకు 1,500 నుండి 2,000 చుట్ల ప్రాంతమున ఉండుచున్నది. చురుకు కొరకు అమ్ము వానిలో 2,400, 2,800, 3,500, అంతకు పైబడిన అంకెలు కూడ కనబడును.

చాలమంది పొరపడునది ఇచ్చటనే. ఈ అంకె కన్వర్టరు మీద చెక్కిన శాశ్వత గుణమని వారు తలచెదరు. కాని అది కన్వర్టరు, ఇంజను కలిసిన తరువాత పుట్టు అంకె. చేలో పంపుసెట్టు నడుపు రైతు ఎరిగిన సంగతియే: పంపు వేగము పెంచిన కొలది అది ఇంజను మీద మోపు బరువు వేగముకంటె మిక్కిలిగా పెరుగును. వేగము రెట్టింపైనచో పంపు కోరు టార్కు నాలుగు రెట్లగును. కనుక ఇంజను టార్కు పెరిగినపుడు స్టాల్ వేగము దాని వర్గమూలము ననుసరించి పెరుగును. 400 న్యూటన్ మీటర్ల టార్కు ఇచ్చు ఇంజను వెనుక 2,400 చుట్ల వద్ద నిలుచు కన్వర్టరును తీసికొందము. దానినే 500 న్యూటన్ మీటర్ల ఇంజను వెనుక బిగించినచో సుమారు 2,680 వద్ద నిలుచును. 300 న్యూటన్ మీటర్ల ఇంజను వెనుక బిగించినచో సుమారు 2,080 దాటదు. ఒకే వస్తువునకు మూడు అంకెలు. మిత్రుని బండిలో “2,400” అనిపించుకొన్నది మన బండిలో ఆ పేరు నిలుపుకొనదు.

వ్యాసము విషయమున లెక్క ఇంకను తీవ్రము. ఒకే ఆకృతి గల కన్వర్టర్లలో, ఒకే వేగము వద్ద పంపు కోరు టార్కు వ్యాసముయొక్క ఐదవ ఘాతమును అనుసరించును. 12 అంగుళముల దానిని 10 అంగుళములకు తగ్గించినచో అది పట్టగల టార్కు నూటికి నలుబది పాళ్ళకు దిగును. అదే ఇంజను వెనుక స్టాల్ వేగము 1,800 నుండి సుమారు 2,840కి ఎగురును. చురుకైన కన్వర్టర్లు చిన్నవిగా కనబడుటకు ఇదే కారణము. రెక్కల వంపును, స్టేటరు ఆకృతిని మార్చియు ఈ అంకెను సవరింతురు.

అయితే ఎంత స్టాల్ కావలెను? ఈ ప్రశ్నకు సమాధానము ఇంజను చెప్పవలెను. బండి కదలు క్షణమున ఇంజను తన బలము మేల్కొను వేగమునకు చేరవలెను. కామ్‌షాఫ్టు మార్చని ఇంజను అడుగు వేగములోనే బలముగా లాగును. దానికి కంపెనీ కన్వర్టరే చాలును. మార్చినను కొన్ని వందల చుట్లకు మించి పెంచుట వృథా. మితమైన కామ్‌షాఫ్టు వేసి, 2,000 చుట్ల తరువాత బలము పుంజుకొనుచు, 3,500 ప్రాంతమున గరిష్ఠ టార్కు నిచ్చు ఇంజనునకు 2,400 నుండి 2,800 వరకు గల కన్వర్టరు తగును. పందెపు కామ్‌షాఫ్టు వేసిన ఇంజను 3,500కి లోపల దగ్గుచుండును. దానికి అంతకు పైబడిన స్టాల్ కావలెను. కాని అట్టి బండికి తగిన చోటు పందెపు బాట, వీధి కాదు. టర్బోచార్జరు గల ఇంజనునకు, టర్బో త్వరగా మేల్కొనుటకు కొంత వదులైన కన్వర్టరు ఉపకరించును. కాని టర్బో ఒత్తిడి ఎక్కిన కొలది టార్కు పెరిగి, స్టాల్ తనంతట తానే పెరుగునని మరువరాదు.

బండి బరువు, వెనుక ఇరుసులోని పండ్ల నిష్పత్తి, టైరు కొలత, పై గేరు నిష్పత్తి, ఇవి నాలుగును లెక్కలోనికి రావలెను. ఒక ఉదాహరణము చూతము. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు, ఇరుసు నిష్పత్తి 3.73 అనుకొందము. గంటకు 100 కిలోమీటర్ల వేగమున, పై గేరు నేరుగా ఒకటికి ఒకటి అయినచో, ఇంజను సుమారు 2,960 చుట్లు తిరుగును. 2,800 స్టాల్ గల కన్వర్టరు అచ్చట ఇబ్బంది పెట్టదు. అదే బండికి 0.70 నిష్పత్తి గల ఓవర్‌డ్రైవు గేరు ఉన్నచో, ఇంజను సుమారు 2,070 చుట్లే తిరుగును. ఇప్పుడు బండి స్టాల్ వేగమునకు ఎంతో దిగువన పోవుచున్నది. పంపు ముందు తిరుగుచుండ, టర్బైను వెనుకబడుచుండును. ఆ జారుడు వలన పెట్రోలు కాలును, నూనె కాగును. దీనికి మందు లాకప్ క్లచ్చి. నిలకడ వేగము వచ్చిన తరువాత పంపును టర్బైనును ఒకటిగా బిగించు ఈ ఏర్పాటు 1949లోనే ప్యాకర్డ్ కార్లలో వచ్చెను. ఓవర్‌డ్రైవు గల బండికి లాకప్ లేని వదులు కన్వర్టరును కొనరాదు.

ఇది మన బాటలకు తెచ్చి చూచినచో మరింత స్పష్టమగును. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు పోవు 216వ జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా పోవుచున్నది. దానిమీద గంటకు 80, 90 కిలోమీటర్ల నిలకడ వేగము సాధ్యము. దానిని విడిచి కాలువగట్టు బాట పట్టినచో 40, 50 దాటుటకు వీలుండదు. ముందు ధాన్యపు ట్రాక్టరు, ప్రక్కన గడ్డిమోపు, మలుపులో ఇరుకు వంతెన. ఇట్టిచోట వదులు కన్వర్టరు గల బండి రోజంతయు జారుచునే నడచును. పైగా దాని తీరు వేరు. పాదము మోపగానే ఇంజను అరచును. బండి ఒక్క క్షణము తటపటాయించి, తరువాత ఒక్కమారుగా ముందుకు దూకును. ఆ ఒక్క క్షణపు తటపటాయింపు పందెపు బాటలో ఉల్లాసము. దూడలును, పిల్లలును అడ్డము వచ్చు పల్లెబాటలో అది ప్రమాదము. స్టాల్ పరీక్ష చేసి చూపెదనని వీధిలో బ్రేకు తొక్కి యాక్సిలరేటరు అదుమువారు కూడ ఉన్నారు. బ్రేకు పట్టు తప్పినచో ముందున్నవారి గతి ఏమి? ఆ పని వీధిలో ఎన్నడును చేయరాదు.

నూనె వేడిమి సంగతి వేరుగ చెప్పవలెను. గేరుబాక్సును చంపునది అదే. టర్బైను కదలక ఇంజను పూర్తి బలముతో తిరుగుచున్నపుడు ఆ బలమంతయు ఎచ్చటికి పోవును? చక్రములకు పోదు గనుక నూనెలోనే వేడిగా మారును. 400 న్యూటన్ మీటర్లు, 2,400 చుట్లు అనగా సుమారు 100 కిలోవాట్లు. ఐదు సెకనులు అట్లే పట్టి ఉంచినచో 500 కిలోజౌళ్ళ వేడిమి పుట్టును. కన్వర్టరులో ఐదు కిలోల నూనె ఉన్నదనుకొని, లోహము పీల్చుకొనుదానిని విడిచిపెట్టి లెక్కించినచో, ఆ ఐదు సెకనులలోనే నూనె వేడిమి సుమారు 50 డిగ్రీలు పెరుగును. మామూలుగా 80, 90 డిగ్రీల వద్ద పనిచేయవలసిన నూనె కన్వర్టరు లోపల 140కి చేరును. నూనె వేడిమి పది డిగ్రీలు పెరిగిన కొలది దాని ఆయువు సగమగునని మెకానిక్కులలో ఒక వాడుక లెక్క కలదు. నూనె మాడినచో క్లచ్చి పలకలు మాడును, రబ్బరు సీళ్ళు బిరుసెక్కును. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత గల మన ఎండలలో రేడియేటరుకే ఊపిరాడదు. కనుక స్టాల్ పెంచువాడు నూనె చల్లార్చు ప్రత్యేక కూలరును, వేడిమి చూపు మీటరును కూడ లెక్కలో వేసికొనవలెను. వానికి డబ్బు చాలనివాడు కన్వర్టరును కూడ మానుకొనుట మేలు.

చట్టము మాట. మన దేశపు 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును తేడా కలుగునట్లు బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధమును గట్టిగా నిలబెట్టెను. అదే సంవత్సరపు సవరణతో, చట్టము అనుమతించని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జరిమానా గాని, ఆరు మాసముల వరకు జైలు గాని, రెండును గాని విధించుటకు వీలు కలిగెను. ఇంజనును, కన్వర్టరును ముట్టుకొనుటకు ముందే రవాణాశాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనుటయు, బీమా కంపెనీకి తెలియజేయుటయు వివేకము. కంపెనీ వారంటీ మీద ఆశ ఉన్నవాడు దానిని కూడ ముందే చూచుకొనవలెను.

ఎంపిక సరిగా జరిగినను బిగింపులో చెడు అవకాశము కలదు. కన్వర్టరు గేరుబాక్సు ముందు భాగములోనికి మూడు మెట్లుగా దిగవలెను: టర్బైను ఇరుసు మీదికి ఒకటి, స్టేటరు ఇరుసు మీదికి ఒకటి, నూనెపంపు గాడిలోనికి మరొకటి. మూడవ మెట్టు దిగకుండగనే మరలు బిగించి గేరుబాక్సును ఇంజనుకు లాగినచో, నూనెపంపు మొదటి స్టార్టుకే పగులును. సాధారణముగా, గేరుబాక్సు బిగిసిన తరువాత కన్వర్టరునకును ఇంజను వైపు ఫ్లెక్స్‌ప్లేటునకును నడుమ మూడు నుండి ఐదు మిల్లీమీటర్ల సందుండవలెను. ఆ సందు లేనిచో ఏదో ఒకటి తన చోట లేదన్నమాట. విజయవాడ ఆటోనగరులో ఎంతటి యంత్రమునైనను విప్పి కూర్పగల చేతివాటము గల పనివారున్నారు. కాని కన్వర్టరు వెల్డింగుతో మూసిన గుల్ల. దానిని లేతు మీద కోసి తెరచి, మరల అతికి, నూనె కారదని పరీక్షించి, తిరుగుడులో సమతూకము సరిచూచు సాధనములు ఆ షెడ్డులో ఉన్నవో లేవో అడిగి తెలిసికొనిన తరువాతనే చేతికీయవలెను. సమతూకము తప్పిన కన్వర్టరు నిమిషమునకు ఐదువేల చుట్లు తిరుగునపుడు తాను మాత్రమే చెడదు; ఇంజను వెనుక బేరింగును కూడ చెరచును.

ఇన్ని చెప్పిన పిదప, కొనువానికి ఉపయోగపడు గురుతు ఒక్కటి మిగిలినది. మంచి తయారీదారుడు తన కన్వర్టరు గుణగణములు వర్ణించుటకు ముందు మనలను ప్రశ్నించును. బండి బరువెంత? ఇంజను ఏ వేగమున ఎంత టార్కు నిచ్చును? కామ్‌షాఫ్టు కొలతలేవి? ఇరుసు నిష్పత్తి ఎంత? టైరు కొలత ఎంత? గేరుబాక్సు ఏది? రోజూ తిరుగు బాట ఎట్టిది? ఇట్టి ప్రశ్నలు వేయువాడు ఒక్కొక్కప్పుడు, “మీ బండికి ఉన్నదే చాలును” అనియు చెప్పును. ఒక్క ప్రశ్నయు వేయక, “3,000 స్టాల్ తీసికొనుడు, అందరును అదే తీసికొనుచున్నారు” అనువాని వద్ద బేరము మానుట మంచిది.

ఫోటింగర్ ఓడ కొరకు వెదకినది ఎక్కువ వేగమును కాదు. టర్బైనుకును పంకాకును పొందిక. నూరేండ్లు దాటినను ఆ గుల్లలోని నూనె ఇంకను ఆ పనియే చేయుచున్నది. దానిచేత చేయింపదలచినవాడు మొదట తన ఇంజనును, తన బాటను, తన పాదమును ఎరుగవలెను. బొంత కొనబోవువాడు గంతను కొలుచుకొని మరీ పోవలెను.